పలకరింపుల వార్డు

"నేనెవర్నో చెప్పు వదినా, చూద్దాం."

రాఘవమ్మత్త మంచం అంచున కూర్చుని, అమ్మ మొహంలోకి వంగి అడుగుతోంది. అమ్మ తలకి వైర్ల టోపీ ఉంది. పెదాలు ఎండి ఉన్నాయి. కళ్ళు తెరిచి ఎంతోసేపు కాలేదు. ఆ కబురు మా అత్తకి ఎలా చేరుతుందో తెలియదు గానీ, అమ్మ కళ్ళు తెరిచేసరికి ఆవిడ గుమ్మంలో ఉంటుంది.

"రాఘవమ్మవి," అంది అమ్మ.

"హమ్మయ్య. మా వదినకేం కాలా." అత్త వరండాలోకి వెళ్ళి, అక్కడున్న చుట్టాలందరికీ పరీక్ష ఫలితం చెప్పింది. పాసైంది తనే అయినట్టు చెప్పింది.

మా వాళ్ళకి జబ్బు మనిషిని చూడగానే పరీక్ష పెట్టబుద్ధవుతుంది. "ఎట్టా ఉంది" అని అడగడం తరవాత, ముందు "నేనెవర్ని, గుర్తుపట్టావా" అనాలి. ఇంకో వార్డులో అయితే నర్సులు ఇలాంటివాళ్ళని బయటికి పంపేస్తారు. ఈ వార్డులో కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఇక్కడ వైద్యమే అది. ఆసుపత్రి వాళ్ళు దీనికి ఏదో పొడుగాటి పేరు పెట్టారు. ఆయాలు పలకరింపుల వార్డు అన్నారు, అదే నిలిచిపోయింది.

నేను ఇక్కడే పని చేస్తాను. కింది అంతస్తులో ల్యాబు ఉంది, అందులో కణాలు పెంచడం నా ఉద్యోగం. పైనున్న రోగుల్ని నేను పెద్దగా చూసేదాన్ని కాదు. ఇప్పుడు పైన మంచం మీద ఉన్నది మా అమ్మ. లిఫ్టు చెడిపోయి చాలా రోజులైంది. మెట్లెక్కుతూ దిగుతూ, ఏ మెట్టు మీద కూతుర్ని, ఏ మెట్టు మీద ఉద్యోగిని అన్నది ఆలోచించడం మానేశాను.

అమ్మ బడిపంతులమ్మ. చిలకలూరిపేట దగ్గర మా ఊరి ప్రాథమిక పాఠశాలలో పని చేస్తుంది. ఒకరోజు పిల్లల్ని వరసగా పేర్లు పెట్టి పిలుస్తూ మధ్యలో ఆగిపోయిందట. ఎదురుగా కూర్చున్న పిల్ల పేరు నోటికి రాలేదు. గుంటూరు తీసుకొచ్చి స్కాన్ తీయిస్తే ఎడమ కణత వెనక గడ్డ ఉందని తేలింది. మంచి గడ్డే అన్నారు. గడ్డల్లో మంచిని చూడగలిగేది డాక్టర్లే. ఆపరేషన్ బాగా జరిగింది. కుట్లు మానుతున్నాయి, ఇక ఇంటికి పోదాం అనుకుంటుండగా జ్వరం వచ్చింది. మెడ బిగుసుకుపోయింది. కిటికీ వైపు చూస్తే తల పగిలిపోతోందని ఏడ్చింది. వెన్నులోంచి నీరు తీస్తే, తేటగా ఉండాల్సింది మజ్జిగలా వచ్చింది.

ఆపరేషన్ తరవాత మెదడులోకి చేరే క్రిముల్లో కొన్ని మొండిఘటాలు ఉంటాయి. ఏ మందుకీ లొంగవు. లొంగే మందు ఉన్నా, మెదడు చుట్టూ ఉండే కాపలా గోడ దాన్ని సరిగా లోపలికి పోనివ్వదు. దొంగని పోనిచ్చి పోలీసుని ఆపే కాపలా అది.

ఆ గోడ దాటగలిగేవే మా ఊడ్పు కణాలు. రోగి రక్తంలోంచి తీసిన కణాలకి, ఆ రోగిని పట్టిన క్రిముల రుచి మరిగించి, తిరిగి ఆ రోగికే ఎక్కిస్తాం. అవి మెదడులో మూలమూలలా ఊడుస్తాయి. క్రిముల్ని తింటాయి, క్రిములు దాక్కున్న చచ్చిన కణాల్ని కూడా తింటాయి. చిక్కల్లా అక్కడుంది. చచ్చిన కణానికీ ఊరికే కూర్చున్న కణానికీ వాటికి తేడా తెలియదు. ఇల్లు సర్దడానికి వచ్చిన కొత్తమనిషికి ఏది చెత్తో, ఏది మనం దాచుకున్నదో ఎలా తెలుస్తుంది? మన చేతిలో పట్టుకున్నదాన్ని మాత్రం లాక్కోదు. వాపున్న మేరలో, ఊడ్పు జరిగే రోజుల్లో, మనిషి దేన్ని తలుచుకుంటూ ఉంటే అది చేతిలో పట్టుకున్నట్టు. తలుచుకోనిది పోతుంది.

ఇది మాకు ముందు తెలియదు. తొలి రోగుల్లో తెనాలి ఆయన ఒకడున్నాడు. అలవాటు కొద్దీ డాక్టర్లు వచ్చినప్పుడల్లా "ఇవాళ ఏ వారం, ఇది ఏ ఆసుపత్రి" అని ఆయన్ని అడిగారు. ఆయన బతికాడు. వారం చెప్తాడు, ఆసుపత్రి చెప్తాడు. ఇంటికి తీసుకుపోతే, ఇదెవరిల్లు అని అడిగాడు. ఆ తరవాత డాక్టర్ హుమైరా గారు ఒక నియమం పెట్టారు. ఈ కణాల్ని తయారు చేసింది ఆవిడే, మా ల్యాబుకి పెద్ద ఆవిడే. ఊడ్పు రోజుల్లో రోగికి దొరికే కాస్త మెలకువా ఇంటివాళ్ళది. డాక్టర్లు గానీ నర్సులు గానీ రోగిని ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు. కావలసింది టోపీ చెప్తుంది, తెర మీద చూసుకోవాలి.

అమ్మకి కణాలు ఎక్కించే ముందు ఆవిడ మా నాన్నని, అన్నయ్యని, నన్ను కూర్చోబెట్టి చెప్పారు.

"అమ్మగారికి వాపు ఉన్నది పేర్లు ఉండే చోట. మనుషులు గుర్తుంటారు, వాళ్ళ పేర్లే జారిపోతాయి. కాబట్టి పేర్లు చెప్పించండి. మీరు చెప్తే ఆవిడ వినడం కాదు. ఆవిడే వెతుక్కుని, ఆవిడ నోటితో చెప్పాలి."

నాన్న తలూపాడు. నాన్న పేరు పున్నారావు. పత్తి మిల్లులో గుమాస్తాగా చేసి మానేశాడు. అర్థం కాని విషయానికి గట్టిగా తలూపడం అక్కడ నేర్చుకున్నాడు. కానీ ఈసారి అర్థమైంది. బయటికి రాగానే చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు.

"వచ్చి మీ పేర్లు అడిగి పోండయ్యా. రాకపోతే మర్చిపోద్దంట."

ఇక చూడండి. ఏనాడూ మా గడప తొక్కనివాళ్ళు కూడా వచ్చారు. ఎవరి పేరు ఊడ్చుకుపోతుందో అని ఎవరి భయం వాళ్ళది. మా అన్నయ్య హరిబాబు మిర్చి కోల్డ్ స్టోరేజీలో పని వదిలేసి వచ్చి, "నా పేరేందమ్మా" అని చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు. వదిన రెండుసార్లు చెప్పించుకుంది. మొదటిసారి తెర మీద చుక్క సరిగా వెలగలేదని ఆవిడ అనుమానం. పాలు పోసే కోటేశు వచ్చాడు, ఎదురింటి వాళ్ళు వచ్చారు. అమ్మ అలసటతో కళ్ళు మూసుకుని ఒక్కొక్కళ్ళ పేరూ వెతుక్కుని చెప్పేది. పేరు నోట్లోంచి వచ్చిన ప్రతిసారీ తెర మీద ఒక పచ్చ చుక్క వెలిగేది. నాన్న పేరు కూడా చెప్పింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ నోరారా పలకని ఆ పేరు ఈ వారంలో ఎన్నిసార్లు పలికిందో. చెప్పిన ప్రతిసారీ నాన్నే సిగ్గుపడ్డాడు.

ఒక పూట బడిలో అమ్మతో పనిచేసే మస్తాన్ మాస్టారు వచ్చారు. ఆయనకి పని ఎలా చేయాలో తెలుసు. కుర్చీ దగ్గరికి లాక్కుని, "టీచర్ గారూ, మూడో తరగతి. కిటికీ పక్క వరస," అన్నారు.

అమ్మ కళ్ళు తెరిచింది. "గాయత్రి. ఏసుపాదం. జాన్‌బీ. చిన శ్రీలేఖ. పెద శ్రీలేఖ తలుపు పక్క వరసలో కూర్చుంటది, ఇద్దర్నీ కలిపితే అల్లరి."

తెర పచ్చగా అయిపోయింది. ఒక్క పేరుకీ ఆమె తడుముకోలేదు. నేను కింద పెంచిన కణాలు తెర మీద ఆ పేర్ల పక్కనుంచి పోతూ, వాటిని ముట్టుకోకుండా దాటిపోవడం చూశాను. ఆ ఉద్యోగంలో నాకు సంతోషం కలిగిన రోజు అదొక్కటే.

"జాన్‌బీ వచ్చిందా మాస్టారూ?" అని అమ్మ అడిగింది.

"రాలేదండి. అమ్మానాన్నతో మిరపకోతలకి పోయింది. చాలా రోజులైంది, పేరు కొట్టెయ్యమని పైనుంచి అడుగుతున్నారు."

"కొట్టెయ్యబాకండి. ఆబ్సెంటెయ్యండి. రేపొస్తే కూర్చోటానికి చోటుండాలి కదా."

ఇది అమ్మ పాత గొడవే. మా వైపు మిరపపండ్లు ఎర్రబడ్డాయంటే బడి సగం ఖాళీ అవుతుంది. రాని పిల్లల పేర్లు అమ్మ ఏడాది పొడుగునా పిలుస్తూనే ఉంటుంది. పలికేవాళ్ళు లేకపోయినా ఒక్క క్షణం ఆగి, ఆ తరవాతే రెండో పేరుకి పోతుంది. ఒకసారి తనిఖీకి వచ్చినాయన ఇదేం చాదస్తమని విసుక్కున్నాడట. "పేరు పిలవడానికి ఖర్చేముందండీ" అందట అమ్మ.

పచ్చ చుక్కలన్నిటి మధ్యా ఒక చోటు మాత్రం నల్లగా ఉండిపోయింది. చీము అక్కడ మిగిలిందనుకున్నాను. డాక్టర్ హుమైరా కూడా అదే అనుకున్నారు. ఊడ్పు కణాలు అటే చేరుతున్నాయి గనక, పని పూర్తి కావస్తోందని ఇద్దరం సంతోషించాం.

ఆ సాయంత్రం నాన్నని తీసుకుని ఇంటికి వెళ్ళాను. ఇద్దరికీ మాసినవే తప్ప బట్టలు లేవు. ఇల్లు వాసన వేస్తోంది. నాన్న పప్పు వండాడు. ఉప్పు వెయ్యడం మర్చిపోయాడు. నేను చెప్పలేదు, తినడమే ఎక్కువ.

"రేపు మా నాన్న పేరు అడగాల," అన్నాడు నాన్న అన్నం కలుపుతూ. "మా తాత పేరు కూడా."

"మీ తాత పేరు అమ్మకెందుకు నాన్నా?"

"నాకు గుర్తుండదే. తద్దినాలప్పుడు మీ అమ్మే కదా అందించేది."

"మరి అమ్మ వైపు వాళ్ళవి?"

"వాళ్ళెవరున్నారే ఇప్పుడు? అమ్మమ్మా తాతా పోయిరి. మీ మేనమామ కూడా పోయె. జబ్బుమంచం కాడ పోయినోళ్ళ మాటెత్తకూడదు."

నేనూ తలూపాను. తలూపడం మా ఇంట్లో అంటువ్యాధి.

మర్నాడు మధ్యాహ్నం వార్డులో మా చుట్టాలు ఎవరూ లేరు. నాన్న భోజనానికి వెళ్ళాడు. నేను సీసాలో నీళ్ళు పట్టుకుని వస్తున్నాను. పక్క మంచంలో వినుకొండ లారీ డ్రైవరు ఉన్నాడు, అతనికి ఇంకా ఊడ్పు మొదలవలేదు. అతని తల్లి ముసలావిడ, తోచక కూర్చుని, అమ్మతో మాట కలిపింది.

"ఏ ఊరమ్మా మీది?"

"పేట దగ్గరండి."

"పిల్లలెంతమంది?"

"ఇద్దరు. హరిబాబు, నీరజ." రెండు చుక్కలు వెలిగాయి.

"నీ పేరేంది తల్లీ?"

అమ్మ నోరు తెరిచింది. "నేను పున్నారావు గారి భార్యనండి," అంది.

"అది సరేనమ్మా. నీ పేరు?"

"హరిబాబు వాళ్ళమ్మని. రాఘవమ్మకి వదినని. బళ్ళో టీచర్ని."

"నిన్నేమని పిలుస్తారంటున్నా టీచరమ్మా."

అమ్మ నిజాయితీగా ఆలోచించింది. "టీచర్ గారూ అంటారు. ఇంట్లో ఇదిగో అంటారు." ఇంకా ఏదో ఉందని తెలిసినట్టు కాసేపు ఆగింది. తరవాత నా వంక చూసింది, నేను అందిస్తానేమో అని.

నేను తెర వంక చూశాను. నల్లచోటు నల్లగానే ఉంది.

వచ్చినవాళ్ళందరూ నేనెవర్ని అని అడిగారు. నువ్వెవరని ఒక్కరు కూడా అడగలేదు. అడగాలని ఎవరికి తడుతుంది? మా ఇళ్ళల్లో తనకన్నా పెద్దవాళ్ళని పేరుపెట్టి పిలవరు. అమ్మని పేరుపెట్టి పిలిచే పెద్దవాళ్ళు ఎప్పుడో పోయారు. నాన్నకి ఆమె 'ఇదిగో', బడిలో అందరికీ టీచర్ గారు. రోజూ పేరు అడిగే మనుషులు డాక్టర్లు. వాళ్ళ నోరు నియమం పెట్టి మేమే కట్టేశాం. అందరం మర్యాదగా, ప్రేమగా ఉన్నాం. అలా ఉంటూనే ఆవిడ పేరుని ఊడ్పు కణాలకి వదిలేశాం.

మెట్లు దిగి ల్యాబులోకి వెళ్ళాను. డాక్టర్ హుమైరా ఒక కప్పు చల్లారిపోయిన టీ ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. చెప్పాను. ఆవిడ తెరని పెద్దది చేసి చూశారు.

"సగం చీము, సగం పేరు," అన్నారు చివరికి. "ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. అందుకే పోల్చుకోలేకపోయాం."

"ఆపేస్తే?"

"కణాల్ని చంపే మందు ఇవ్వచ్చు. పేరులో కొంత మిగులుతుంది. చీము కూడా మిగులుతుంది. మళ్ళీ పాకుతుంది నీరజా. రెండోసారి ఈ కణాలు ఎక్కిస్తే ఒళ్ళు ఒప్పుకోదు, నీకు తెలుసుగా."

తెలుసు. వాటిని పెంచేది నేనే. ఏడుద్దామనుకున్నాను గానీ, ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి.

"రేపటి దాకా టైముంది," అన్నారు ఆవిడ. "ఈలోగా ఆవిడ తనంతట తను ఆ పేరుని వెతికి పట్టుకోగలిగితే, ఎంత పట్టుకుంటే అంత మిగులుతుంది. అడగండి. ఎలాగో ఒకలా అడగండి."

పైకి వచ్చి నాన్నకీ అన్నయ్యకీ వరండాలో చెప్పాను. అన్నయ్య గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. నాన్నకి మొదట అర్థం కాలేదు.

"పేరు నేను చెప్తా కదే. చెప్తే సరిపాయె."

"చెప్పకూడదు నాన్నా. అమ్మే చెప్పాలి. నువ్వు అమ్మని పేరుతో పిలిచిన సందర్భం ఏదన్నా గుర్తుచెయ్యి. ఎప్పుడన్నా, ఎక్కడన్నా."

నాన్న చాలాసేపు ఆలోచించాడు. గోడ మీది ఫ్యాన్ వంక చూస్తూ ఆలోచించాడు. "పెళ్ళిలో పిలిపించార్లే, గుమ్మం కాడ ఆడపిల్లలు అడ్డం నిలబడి," అన్నాడు. ఆ తరవాత ఇంకేం దొరకలేదు. ఆయన మొహం చూడలేక నేను పక్కకి తిరిగాను.

లోపలికి వెళ్ళాం. నాన్న మంచం పక్కన నిలబడ్డాడు. "పెళ్ళినాడు గుమ్మంలో ఆపారు చూడు, పేర్లు చెప్పి రమ్మని. నువ్వు నా పేరు చెప్పావు. నేనెవరి పేరు చెప్పా?"

అమ్మ నవ్వింది. "మీరు సిగ్గుపడి గొణిగారు. ఎవరికీ వినపళ్ళా. నాక్కూడా."

అన్నయ్య అడిగాడు, మీ అమ్మ నిన్ను అన్నానికి ఏమని పిలిచేదని. నేను అడిగాను, చిన్నప్పుడు బడిలో అయ్యవారు నిన్ను ఏమని లేపేవాడని. అమ్మ కళ్ళు మూసుకుని వెతికింది. నుదురు ముడతలు పడింది, చెమట పట్టింది. నల్లచోట్లో ఒకటి రెండుసార్లు ఏదో మినుకుమంది. ఆరిపోయింది.

"మా అమ్మ వసారాలో నిలబడి పిలుస్తా ఉంది," అంది అమ్మ. "నోరు కదులుతా ఉంది. మాట వినపట్లా."

అంతకన్నా రాలేదు. నాన్న తట్టుకోలేకపోయాడు. మంచం పట్టె పట్టుకుని, "వకుళా," అన్నాడు. గొంతు కీచుమంది. జీవితంలో మొదటిసారి బయటికి వినపడేలా అన్న మాట అలాగే వస్తుంది మరి. "నీ పేరు వకుళ. వకుళే నువ్వు."

అమ్మ ఆ మాటని ఒకసారి పలికి చూసింది. "వకుళ." తెర మీద ఒక చుక్క వెలిగింది. నేను గబుక్కున చూశాను. వెలిగింది నల్లచోట్లో కాదు. గాయత్రి, ఏసుపాదం, జాన్‌బీ ఉన్న వరసలో, చివర.

"బాగుంది పేరు," అంది అమ్మ. "ఎవరు పెట్టారు?"

ఎవరికీ తెలియదు. నాన్న, "మీ అమ్మ అయ్యుంటదిలే," అన్నాడు.

డాక్టర్ హుమైరా వచ్చి అమ్మకి అంతా నెమ్మదిగా చెప్పారు. తన నియమం తనే తప్పి, మొదటిసారి అమ్మని ప్రశ్న అడిగారు. "ఆపమంటారా, కానివ్వమంటారా?"

అమ్మ మా ముగ్గురి వంకా చూసింది. "కానిస్తే బడికి పోగలనా?"

"కొన్నాళ్ళు పడుతుంది. పోగలరు."

"పిల్లల పేర్లు ఉంటయ్యా?"

"ఉంటాయి."

"అయితే కానియ్యండి," అని కళ్ళు మూసుకుంది. "తలనొప్పిగా ఉంది నీరజా, ఇక ఎవర్నీ రానివ్వబాక."

మర్నాటికి నల్లచోటు లేదు. దాని స్థానంలో ఏమీ లేదు. వెన్నులోంచి తీసిన నీరు తేటగా వచ్చింది. ల్యాబులో అందరూ స్వీట్లు పంచుకున్నారు, నేను కూడా తిన్నాను. ఇలాంటి మొండి జబ్బు నుంచి ఇంత బాగా తేరుకున్న మనిషి మా వార్డులో ఇంతవరకూ లేదు. ఆ మాట అబద్ధం కాదు. ఇప్పుడు వార్డులో కొత్త నియమం ఉంది. ఎవరు పలకరించడానికి వచ్చినా, ముందు రోగిని నీ పేరేమిటని అడగాలి, తరవాతే తమ పేరు అడగాలి. వినుకొండ డ్రైవరుతో మొదలైంది. వాళ్ళమ్మ అడిగితే, అతను నిద్రలో కూడా తన పేరు చెప్పేవాడు.

అమ్మని ఇంటికి తెచ్చాం. కోలుకోవడం అనే మాట వినడానికి బాగుంటుంది. అందులో రోజంతా నిద్ర ఉంటుంది, చెంచా జారిపోవడం ఉంటుంది, గోడ పట్టుకుని పెరటి దాకా వెళ్ళి అక్కడ ఎందుకొచ్చానో మర్చిపోవడం ఉంటుంది. జుట్టు మొలిచింది. ఆకలి వచ్చింది. పప్పులో ఉప్పు లేదని నాన్నని తిట్టింది, ఆ రోజు నాన్న వీధిలోకి వెళ్ళి మరీ అందరికీ చెప్పాడు.

ఆయనలో ఒక మార్పు వచ్చింది. ఇప్పుడు రోజుకి ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు అమ్మని పేరుపెట్టి పిలుస్తాడు. "వకుళా, కాఫీ తాగుతావా." "వకుళా, ఎండలో కూర్చుంటావా." ఇన్నేళ్ళ బాకీ అంతా తీర్చేసుకుంటున్నట్టు పిలుస్తాడు. అమ్మ తిరగదు. ఎవర్నో పిలుస్తున్నాడనుకుంటుంది. చివరికి ఆయన నీరసంగా "ఇదిగో" అంటాడు. అమ్మ వెంటనే తిరుగుతుంది.

అది నీ పేరే అని చెప్తే తలూపుతుంది. మా మాట కాదనలేక ఒప్పుకుంటుంది, అంతే. పుట్టింటి కబుర్లు చెప్తుంది. వాళ్ళమ్మ వసారాలో నిలబడి పిలిచేదని చెప్తుంది. ఏమని పిలిచేది అంటే మాత్రం ఊరుకుంటుంది. ఆ మాట వినపడక మా అమ్మమ్మ కూడా మూగదైపోయింది.

ఒక సాయంత్రం నేను ఊరు వెళ్ళాను. అమ్మ వరండాలో కుర్చీలో ఉంది. నాన్న మెట్టు మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నాడు. జ్ఞాపకానికి మంచిదని, వెళ్ళినప్పుడల్లా నేను హాజరు పిలుస్తాను, మస్తాన్ మాస్టారు వచ్చి చెప్పిపోయే బడి కబుర్లని బట్టి ఎవరు ఎట్లా ఉన్నారో అమ్మ చెప్తుంది. ఇద్దరికీ అది బాగా అలవాటైపోయింది.

"గాయత్రి," అన్నాను.

"వచ్చింది. కొత్త గౌను."

"ఏసుపాదం."

"వచ్చాడు. పలక తేలా."

"జాన్‌బీ."

"కోతలయిపోయినయ్యంట, మొన్న వచ్చింది. మస్తాన్ మాస్టారు చెప్పారు. దాని చోట్లోనే కూర్చుంది." అమ్మ మొహం వెలిగింది.

వరస అంతా అయిపోయింది. పెద శ్రీలేఖ కూడా అయిపోయింది. ఇక ఆపేద్దామనుకుని, ఆపలేకపోయాను. తల్లిని పేరుపెట్టి పిలవడం మా ఇంటా వంటా లేదు. నాలుక బరువుగా ఉంది. అయినా మిగతా పేర్లు పిలిచిన గొంతుతోనే పిలిచాను.

"వకుళ."

నాన్న చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది.

అమ్మ వరండా అంతా ఒకసారి చూసింది. మెట్ల వంక, గేటు వంక, గేటు బయట రోడ్డు వంక చూసింది. ఆ చూపు నాకు తెలుసు. పేరు పిలిచి, పలికేవాళ్ళు లేనప్పుడు ఆమె ఆగే ఆ ఒక్క క్షణం.

"ఆ పిల్ల ఇయ్యాల రాలేదు," అంది.

నాకు ఇక చాలు అనిపించింది. ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే కదా, పిలవడం, పలక్కపోవడం. నాన్న కూడా ఎంతకని పిలుస్తాడు.

"చాలా రోజుల్నుంచి రావట్లేదు కదమ్మా," అన్నాను. "కొట్టెయ్యనా?"

అమ్మ కోపంగా చూసింది. జబ్బు చేసిన తరవాత నా మీద కోప్పడటం అదే మొదలు.

"కొట్టెయ్యబాక. ఆబ్సెంటెయ్యి. రేపొస్తే యాడ కూర్చుంటది?"

"సరే," అన్నాను.

నాన్న తల వంచుకుని చిక్కుళ్ళు ఒలవడం మొదలుపెట్టాడు. నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చుని రెండు కాయలు తీసుకున్నాను. మర్నాడు సాయంత్రం మళ్ళీ హాజరు పిలిచాను. చివర ఆ పేరు కూడా పిలిచి, కాసేపు ఆగాను.